పసిపిల్లల టీచరు చదువు ఎవరి బాధ్యత?

(చాగలమర్రిలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు, మహిళా సంఘాల సభ్యులు కలుసుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం చిన్నపిల్లల టీచర్ల పై చదువులు, శిక్షణ. ఈ మాట ఎత్తగానే ఎక్కడైనా రెండు ప్రశ్నలు వస్తాయి. మూడేళ్ల పిల్లలకు పాటలు చెప్పేదానికి డిగ్రీలెందుకు అన్నది ఒకటి. చదివితే జీతమేమైనా పెరుగుతుందా అన్నది రెండోది. మొదటిది ఊరివాళ్లు, అధికారులు, ఒక్కోసారి ఇంట్లో మగవాళ్లు అడిగేది. రెండోది మనలో మనం అడుక్కునేది. ఈ రెండు ప్రశ్నలూ ఒక్క చోటనే పుట్టాయి. పసిపిల్లలను చూడడం పని కాదనీ, అది ఆడదానికి పుట్టుకతో వచ్చే గుణమనీ సమాజం అనుకుంటుంది. పని కానప్పుడు దానికి చదువు అక్కర్లేదు. చదువు అక్కర్లేని పనికి జీతమూ అక్కర్లేదు. అందుకే మనకిచ్చేదానికి జీతం అనరు, గౌరవ వేతనం అంటారు.

నేను పదో తరగతి పాసై అంగన్‌వాడీలో చేరినదాన్ని. ఇద్దరు పిల్లలు పుట్టిన తర్వాత దూరవిద్యలో డిగ్రీ చదివాను. ఆ తర్వాత ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం వారి శిశు సంరక్షణ, విద్య డిప్లొమా, ఆ తర్వాత పి.జి. పూర్తి చేశాను. ఇప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థలో కార్యకర్తలకు శిక్షణ ఇస్తున్నాను. కాబట్టి చదువు గురించి దూరం నుంచి చూసి చెప్పడం లేదు. చదువు నాకేమిచ్చిందో తెలుసు, ఏమివ్వలేదో కూడా తెలుసు. రెండూ చెబుతాను.

యాభై ఏళ్ల లెక్క

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, మనం ఐ.సి.డి.ఎస్. అనేది, 1975 అక్టోబరు 2న దేశమంతటా 33 బ్లాకుల్లో మొదలైంది. దానికి ముందు 1972లో మీనా స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన అధ్యయన బృందం బడి ఈడుకు ముందు పిల్లల చదువు, ఆరోగ్యం, తిండి మూడూ కలిపి చూడాలని చెప్పింది. పథకం మొదలైనప్పుడు కార్యకర్త పదో తరగతి పాసైతే నెలకు 150 రూపాయలు, పాసు కాకుంటే 100 రూపాయలు ఇచ్చారు. ఆ లెక్క గమనించండి. చదువుకు యాభై రూపాయల విలువైనా కట్టారు. పథకానికి 2025లో యాభై ఏళ్లు నిండాయి. పదో తరగతి పాసైన కార్యకర్తకూ, పి.జి. చదివిన కార్యకర్తకూ ఇవాళ ఒకే మొత్తం. చదువుకు విలువ పెరగలేదు సరికదా, ఉన్న ఆ కాస్త తేడా కూడా పోయింది.

2018 అక్టోబరు నుంచి కేంద్రం కార్యకర్తకు ఇచ్చే గౌరవ వేతనాన్ని 4,500 రూపాయలు చేసింది, సహాయకురాలికి 2,250 చేసింది. దానికి రాష్ట్రం తన వాటా కలుపుతుంది. మన రాష్ట్రంలో 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగేనాటికి అంతా కలిపి కార్యకర్తకు 11,500, ఆయాకు 7,000. ఆ సమ్మె 42 రోజులు నడిచింది. 2024 జనవరి 6న ప్రభుత్వం మన మీద ఎస్మా చట్టం ప్రయోగించింది. ఒక్క మాట ఆలోచించండి. ఎస్మా అంటే అత్యవసర సేవలకు వర్తించే చట్టం. జీతం అడిగితే మీరు స్వచ్ఛంద సేవకులంటారు. పని ఆపితే మీది అత్యవసర సేవ అంటారు. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి ఎట్లా వస్తాయో మనం అడగాలి.

ఇక శిక్షణ. ఐ.సి.డి.ఎస్.లో కార్యకర్తకు ఉద్యోగ శిక్షణ చాలాకాలం 26 పనిదినాలు ఉండేది. ఆ 26 రోజుల్లోనే పోషకాహారం, టీకాలు, గర్భిణుల సంరక్షణ, రికార్డులు, తూకం వేయడం, గ్రాఫు గీయడం, పిల్లల చదువు అన్నీ నేర్చుకోవాలి. ఆయాకు ఎనిమిది రోజులు. అంగన్‌వాడీలో ఆరు సేవలుంటే, అందులో బడికి ముందు చదువు ఒక్కటి. రికార్డుకు సంతకం కావాలి, తూకానికి లెక్క కావాలి, గుడ్డుకు లెక్క కావాలి. పాటకూ ఆటకూ ఎవరూ లెక్క అడగరు. అడగని పని వెనకబడుతుంది. ఇప్పుడు రిజిస్టర్లు పోయి 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చింది. ఫోనులో సిగ్నలు కోసం గుమ్మం బయట నిలబడే సమయం పిల్లల సమయంలోంచే పోతుంది కదా?

ఆరేళ్లలోపు చదువు ఎందుకు పెద్ద చదువు

డిగ్రీ ఎందుకన్న ప్రశ్నకు జవాబు పిల్లల దగ్గరే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం ఒక మాట చెప్పింది. బిడ్డ మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లు రాకముందే జరుగుతుందని ఆ పత్రంలోనే రాసుకున్నారు. ఆ మాట నిజమని ప్రభుత్వమే నమ్మితే, ఆ ఆరేళ్ల టీచరు దేశంలో అందరికన్నా ఎక్కువ చదివినదై ఉండాలి. మన దగ్గర తలకిందులుగా ఉంది. పిల్లల వయసు ఎంత తగ్గితే టీచరు చదువూ, జీతమూ, గౌరవమూ అంత తగ్గుతాయి.

చదువు ఏమి నేర్పుతుందో రెండు మూడు ఉదాహరణలు చెబుతాను.

ఒక సెంటరులో నాలుగేళ్ల పాప పిలిస్తే పలకదు. మొండిదన్నారు, తల్లి గారాబం చేసిందన్నారు. ఆ టీచరు చెల్లెలు డిప్లొమా చదువుతూ ప్రత్యేక అవసరాలున్న పిల్లల మీద పాఠం చదివి ఉంది. పాప వెనక నిలబడి గిన్నె మోగించి చూసింది. పాప తిరగలేదు. ఎదురుగా నిలబడి పెదాలు కదిలిస్తే నవ్వింది. ఆసుపత్రికి పంపితే వినికిడి లోపమని తేలింది. ఇంకో రెండేళ్లు ఆ పాప మొండిదిగానే ఉండిపోయేది. మాటలు నేర్చే వయసు దాటిపోయేది. ఆ గిన్నె మోగించాలని తెలియడం ప్రేమ వల్ల రాదు. ప్రేమ ఆ తల్లికి తక్కువేం కాదు. తెలిసింది చదువు వల్ల.

ఇంకొకటి. చాగలమర్రిలో మీకు చెప్పనక్కర్లేదు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు మన సెంటర్లకు వస్తారు. తెలుగులో పలకని బిడ్డను చూసి, తెలివి తక్కువ అనుకోవడం సులువు. పిల్లల భాషాభివృద్ధి గురించి చదివిన టీచరుకు తెలుసు, రెండు భాషల మధ్య పెరిగే బిడ్డ కొన్నాళ్లు మౌనంగా ఉండడం మామూలే. ఆ మౌనంలో బిడ్డ వింటూ ఉంటుంది. ఇంటి భాషలో నాలుగు మాటలు నేర్చుకుని పలకరిస్తే చాలు, బిడ్డ నోరు విప్పుతుంది. పసితనంలో చదువు సాధ్యమైనంతవరకు ఇంటి భాషలో సాగాలని 2020 విధానమూ చెప్పింది. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూను రెండో అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది. సెంటరులో ఆ బిడ్డకు ఉర్దూ పాట వినిపించే టీచరును తయారుచేసే శిక్షణ ఏదీ?

మూడోది చిన్న విషయం. చింతగింజలు పోగు పెట్టించి లెక్క నేర్పుతాం, మంచిదే. అచ్చనగాయలు, వామనగుంటలు మన పల్లె పిల్లల లెక్కల బడి. కానీ మూడేళ్లలోపు బిడ్డ ముందు గింజలు పెట్టకూడదు, గొంతులో ఇరుక్కుంటాయి. వాళ్లకు గిన్నెలు, మూతలు, గుడ్డ బొమ్మలు ఇవ్వాలి. ఏ వయసుకు ఏ ఆట, ఎందుకు అన్నది తెలియడమే ఈ శాస్త్రం. మూడేళ్ల బిడ్డ చేత అ ఆ లు దిద్దించమని తల్లిదండ్రులు ఒత్తిడి చేస్తారు. ఆళ్లగడ్డ, మైదుకూరు వైపు పోయే ప్రైవేటు బడుల వ్యాన్లలో ఎల్.కె.జి. పిల్లలు పుస్తకాల సంచులు మోసుకుపోతుంటే మన సెంటర్లలో ఆడిస్తున్నారే అని చిన్నచూపు చూస్తారు. వేళ్లలో పట్టు రాకముందు పలక పట్టిస్తే ఏమవుతుందో, మట్టి పిసకడం, పూసలు గుచ్చడం రేపటి రాతకు ఎట్లా పునాదో, తల్లిదండ్రులకు ధైర్యంగా చెప్పాలంటే టీచరుకు తన చదువు మీద నమ్మకం ఉండాలి. డిగ్రీ కాగితం వల్ల నాకు దొరికిన పెద్ద లాభం అదే. ఎదుటివాళ్లు గొంతు పెంచినప్పుడు నా గొంతు తగ్గలేదు.

ఆ ప్రైవేటు బడుల్లో ఎల్.కె.జి. చెప్పే ఆడపిల్లలను కూడా మరచిపోకండి. వాళ్లలో డిగ్రీలు, బి.ఇడి.లు చదివినవాళ్లున్నారు. స్కేలు లేదు, ఎండాకాలం జీతముంటుందో లేదో తెలియదు, సంఘం లేదు. డిగ్రీ ఒక్కటే ఉంటే సరిపోదనడానికి వాళ్లే సాక్ష్యం.

మనకున్న దారులు

మన రాష్ట్రంలో ఆడవాళ్ల మలి చదువుకు మంచి చరిత్ర ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ తన చిన్ననాటి పెళ్లిని కాదనుకుని, జైళ్లకు పోయి వచ్చి, ఆ తర్వాత కూర్చుని బెనారస్ మెట్రిక్ పరీక్షకు చదివారు. మద్రాసులో తనతోపాటు ఇంకొందరు ఆడవాళ్లను ఆ పరీక్షకు తయారుచేశారు. ఆ తరగతుల్లోంచే 1937లో ఆంధ్ర మహిళా సభ పుట్టింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దానికి ఆమె మొదటి అధ్యక్షురాలు. 1958లో ఆ బోర్డు పెద్ద వయసు స్త్రీలకు కుదించిన చదువుల పథకం పెట్టింది. బడి మధ్యలో మానేసిన స్త్రీలను తక్కువ కాలంలో మెట్రిక్‌కు తయారుచేసి, బాలసేవికలుగా, నర్సులుగా, టీచర్లుగా పంపడం దాని ఉద్దేశం. అంటే పల్లె పిల్లలకు టీచరు కావాలంటే ముందు ఆ టీచరును చదివించాలి, ఆ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి అన్న ఆలోచన మనకు అరవై ఏళ్లకు పైగా ఉంది. కొత్తగా ఎవరినీ అడుక్కోవడం లేదు మనం.

1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలో పుట్టింది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్ చదవకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అది కల్పించింది. నావంటివాళ్లు ఎందరో ఆ తలుపులోంచే లోపలికి పోయాం. రాష్ట్రం విడిపోయాక దాని కేంద్ర కార్యాలయం తెలంగాణలో ఉండిపోయింది. 1991లో వచ్చిన ఓపెన్ స్కూలు సొసైటీ ద్వారా పది, ఇంటర్ రాయవచ్చు. తిరుపతిలో 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. ఇగ్నో డిప్లొమా ఇంటర్ పాసైనవారికి. అందులో పిల్లల సంరక్షణ కేంద్రాల నిర్వహణ, ఆరోగ్యం-పోషణ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల సేవలు అని మూడు పాఠ్యాంశాలు, వాటితోపాటు ప్రాజెక్టు పని ఉంటాయి. ఆ ప్రాజెక్టును పిల్లల మధ్య చేయాలి. మనకు పిల్లలు ఇరవై నాలుగు గంటలూ ఉన్నారు కాబట్టి అది మనకు కష్టం కాదు.

2020 విధానం ఇంకో మాట చెప్పింది. ఇంటర్, ఆపైన చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలి. టీవీ ఛానెళ్లు, ఫోన్ల ద్వారా పాఠాలు, నెలకు కనీసం ఒకసారి ముఖాముఖి తరగతి. పోనుపోను ఈ చదువుకు తగిన వృత్తి నిపుణుల శ్రేణిని రాష్ట్రాలు తయారుచేసుకోవాలని కూడా ఉంది. 2021లో మన రాష్ట్రం ప్రపంచ బ్యాంకు నుంచి 25 కోట్ల డాలర్ల అప్పు తీసుకుని మొదలుపెట్టిన సాల్ట్ పథకంలో యాభై వేలకు పైగా అంగన్‌వాడీ కార్యకర్తలను లెక్కవేశారు. 2023 మే నెలలో కేంద్రం పోషణ్ భీ పఢాయీ భీ అని పెట్టి కార్యకర్తకు మూడు రోజుల శిక్షణ అంది. 2024లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆధార్‌శిల, మూడేళ్లలోపు వారికి నవచేతన అని పాఠ్య ప్రణాళికలు ఇచ్చింది. ఆ పుస్తకాల్లో మంచి విషయాలున్నాయి, తిరగేయండి. కానీ మూడు రోజులకూ మూడేళ్ల డిగ్రీకీ తేడా ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. శిక్షణ అంటే ఈ పని ఇట్లా చేయి అని చెబుతుంది. చదువు అంటే ఎందుకట్లా చేయాలో, వేరే విధంగా ఎప్పుడు చేయాలో మనంతట మనం తేల్చుకునే శక్తినిస్తుంది. మనకు రెండూ కావాలి. మొదటిది ఇచ్చి రెండోది ఇచ్చినట్టు రాసుకుంటే ఒప్పుకోకూడదు.

అడ్డంకులు ఎక్కడున్నాయి

దారులున్నాయి కదా, చదువుకోండి అంటారు. చెప్పడం తేలిక. చాగలమర్రి నుంచి నంద్యాల పోయి ఆదివారం తరగతి విని రావాలంటే రోజంతా పోతుంది. ఆ రోజు ఇంట్లో వంట ఎవరు చేస్తారు? సోమవారం నుంచి శనివారం దాకా సెంటరు, సాయంత్రం ఇంటి చాకిరీ, కె.సి. కాలువకు నీళ్లు వచ్చినప్పుడు సొంత చేను పని, రాత్రి ఫోనులో మిగిలిన ఎంట్రీలు. వీటి మధ్య పుస్తకం ఎప్పుడు? ఫీజు ఎవరు కడతారు? భర్త ఒప్పుకోవాలి, అత్త మొహం మాడ్చుకోకూడదు. "ఈ వయసులో నీకు చదువేందిమ్మా, చదివి కలెక్టరు అవుతావా" అని నవ్వేవాళ్లుంటారు. నేను డిగ్రీ పరీక్షలకు సెలవు అడిగితే అప్పటి పై అధికారి ఒకరు, సెంటరు మూసి పరీక్ష రాస్తావా, నీ ఉద్యోగానికి అది అవసరమా అన్నారు. అవసరం లేదనే రూల్సులోనే ఉంది కాబట్టి నా దగ్గర జవాబు లేకపోయింది. చదువు అవసరమని రూల్సులో రాయించడమే దానికి జవాబు.

ఆయాల సంగతి ఇంకా కష్టం. నిజానికి బిడ్డను ఎత్తుకునేది, ముడ్డి కడిగేది, తినిపించేది, ఏడిస్తే ఊరుకోబెట్టేది ఆయమ్మ. బిడ్డతో ఎక్కువ మాట్లాడేదీ ఆమే. శిక్షణల పట్టికలో ఆమె పేరు చివర ఉంటుంది, చాలాసార్లు ఉండదు. మన సెంటర్లలో ఆయాలుగా పనిచేసేవాళ్లలో దళిత స్త్రీలు, ఒంటరి స్త్రీలు ఎక్కువ. చదువు గురించి మాట్లాడుతూ వాళ్లను వంటగదిలోనే వదిలేస్తే మనమూ పై అధికారులు చేసిన పనే చేసినవాళ్లమవుతాం. 2022లో కేంద్రం ఇచ్చిన సక్షమ్ అంగన్‌వాడీ మార్గదర్శకాల్లో కార్యకర్త పోస్టుల్లో సగం, ఐదేళ్ల అనుభవం ఉన్న సహాయకురాళ్లకు ప్రమోషనుగా ఇవ్వాలని ఉంది. సూపర్‌వైజరు పోస్టుల్లో సగం ఐదేళ్ల అనుభవమున్న కార్యకర్తలకు ఇవ్వాలని ఉంది. మిగతా అర్హతలుంటేనే అని కూడా ఉంది. ఆ అర్హతే చదువు. ఆయమ్మకు పదో తరగతి చదివే అవకాశం ఇవ్వకుండా ప్రమోషను ఉంది అనడం, నిచ్చెన వేసి కింది మెట్లు తీసేయడమే.

బయటి దేశాల అనుభవం

మనం ఒక్కరమే ఈ కష్టంలో లేం. అమెరికాలో పేద పిల్లల కోసం 1965 నుంచి నడుస్తున్న హెడ్ స్టార్ట్ పథకానికి 2007లో చట్టం మార్చారు. 2013 నాటికి దేశం మొత్తం మీద అందులోని టీచర్లలో కనీసం సగం మందికి డిగ్రీ ఉండాలన్నారు. ఆ లక్ష్యం దాటారు. చదువుకున్న ఆడవాళ్ల సంఖ్య పెరిగింది, జీతాలు ఆ స్థాయిలో పెరగలేదు. డిగ్రీ వచ్చినవాళ్లు ఎక్కువ జీతమిచ్చే బడులకు వెళ్లిపోయే పరిస్థితి వచ్చింది. ఇది మనకు హెచ్చరిక.

అదే దేశంలో నార్త్ కరోలినా రాష్ట్రంలో 1990లో టీచ్ అనే ఉపకార వేతనం మొదలుపెట్టారు. పసిపిల్లల కేంద్రంలో పనిచేస్తూనే చదివే స్త్రీకి ఫీజులో, పుస్తకాల్లో ఎక్కువ భాగం వాళ్లు కడతారు. ప్రయాణ ఖర్చులిస్తారు. చదువుకునేందుకు పని గంటల్లో కొంత జీతంతో కూడిన వెసులుబాటు ఇస్తారు. కోర్సు అయ్యాక బోనసో, జీతం పెంపో ఉంటుంది. దానికి బదులు ఆమె కొంతకాలం అక్కడే పనిచేయాలి. ఆ పథకం తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. న్యూజిలాండ్‌లో కిండర్‌గార్టెన్ టీచర్లు పోరాడి 2002లో ప్రాథమిక పాఠశాల టీచర్లతో సమాన జీతం సాధించుకున్నారు. చదువు, సమయం, జీతం మూడూ కలిపి కట్టినచోటే ఫలితం వచ్చింది. ఒక్కదాన్ని విడదీస్తే అది మన నెత్తిన ఇంకో మూటవుతుంది.

చట్టం ఏమంటుంది

మన రాజ్యాంగంలో 45వ అధికరణ మొదట పద్నాలుగేళ్లు వచ్చేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అంది. అందులో పసిపిల్లలూ ఉన్నారు. 1993లో మన రాష్ట్రం ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకు విద్య ప్రాథమిక హక్కేనని చెప్పింది. 2002లో 86వ సవరణ వచ్చినప్పుడు ఆ హక్కును ఆరు నుంచి పద్నాలుగేళ్లకు కుదించారు. ఆరేళ్లలోపు పిల్లలను 45వ అధికరణలో, ప్రభుత్వం ప్రయత్నించాలి అన్న మాట కింద ఉంచారు. 2009 విద్యా హక్కు చట్టం 11వ సెక్షను కూడా ఈ పిల్లలకు ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అంది, చేసి తీరాలి అనలేదు. పిల్లకు హక్కు లేనప్పుడు ఆ పిల్ల టీచరుకు హక్కు ఎక్కడినుంచి వస్తుంది? మన చదువు కోసం పోరాటం, పసిపిల్లల హక్కు కోసం పోరాటం వేరువేరు కావని నేను అనేది ఇందుకే.

మన హోదా మీద కోర్టుల్లో రెండు రకాల తీర్పులు వచ్చాయి. 2006లో అమీర్‌బీ కేసులో, అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వ ఉద్యోగ పదవిలో ఉన్నట్టు కాదన్నారు. 2022 ఏప్రిల్ 25న గుజరాత్ నుంచి వచ్చిన మణిబెన్ కేసులో సుప్రీంకోర్టు, మనకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని చెప్పింది. సెంటరులో బడికి ముందు చదువు చెప్పడాన్ని ఆ తీర్పు గుర్తించింది. మనల్ని టీచరుగా గుర్తించే దారిలో అది ఒక మెట్టు. అంతకుముందే 2013లో 45వ భారత కార్మిక మహాసభ, పథకాల్లో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫారసు చేసింది.

ఒక భయం కూడా దాచకుండా చెప్పాలి. 2021 అక్టోబరులో నాలుగేళ్ల సమగ్ర ఉపాధ్యాయ కోర్సును నోటిఫై చేశారు. అందులో పునాది దశ టీచర్లను తయారుచేయడమూ ఉంది. రేపు ఆ కోర్సు చదివిన యువతులు వస్తారు. రావాలి కూడా. కానీ వాళ్లను తెచ్చి, మీకు అర్హత లేదు పొండి అని ఇరవై ఏళ్లుగా పిల్లలను సాకిన టీచరును అంటే ఏం చేస్తాం? మనం ఇప్పుడే చదువు అడగకపోతే, రేపు చదువే మన మెడ మీద కత్తి అవుతుంది. అడగవలసింది ఈరోజే.

మనం అడగవలసినవి

ఒకటి, కార్యకర్త, ఆయా ఎవరు చదవదలచినా ఫీజు, పుస్తకాలు, ప్రయాణ ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఆయాల పదో తరగతి నుంచి కార్యకర్తల పి.జి. దాకా ఇది వర్తించాలి.

రెండు, తరగతులకు, పరీక్షలకు వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఆ రోజుల్లో సెంటరు నడపడానికి బదులు మనిషిని ఇవ్వాలి. సెంటరు మూతపడిందన్న నింద మన మీద పడకూడదు.

మూడు, సర్టిఫికెట్‌కు ఇంత, డిప్లొమాకు ఇంత, డిగ్రీకి ఇంత అని వేతనంలో పెంపు రాసి ఉండాలి. అనుభవాన్ని కూడా అర్హతగా లెక్కకట్టాలి. పదిహేనేళ్లు పిల్లలతో గడిపినామె మొదటి సెమిస్టరు పిల్లతో సమానం కాదు.

నాలుగు, పాఠాలు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. ఫోనులో వీడియో చూడమని చేతులు దులుపుకోకూడదు. ముఖాముఖి తరగతి మండల కేంద్రంలోనే జరగాలి. చాగలమర్రి వాళ్లకు చాగలమర్రిలోనే.

ఐదు, కొత్త అర్హతలు పెట్టేటప్పుడు, ఇప్పుడు పనిచేస్తున్న ఏ ఒక్కరినీ తొలగించబోమని రాతపూర్వకంగా ఇవ్వాలి. చదువుకునేందుకు తగిన గడువు ఇవ్వాలి.

మహిళా సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు చేయగలిగినవి

సంఘాల్లో పనిచేసే మిత్రులకు ఒక మనవి. మీరు మాకు మళ్లీ ఇంకో మూడు రోజుల శిక్షణ పెట్టకండి. దానికి బదులు ఈ పనులు చేయండి. మండలంలో ఎవరు ఎంతవరకు చదివారు, ఎవరు చదవాలనుకుంటున్నారు, ఏది అడ్డం అని ఇంటింటికీ పోయి ఒక జాబితా రాయండి. ఒకే కోర్సులో చేరినవాళ్లను నలుగురైదుగురిని కలిపి వారానికి ఒకసారి కూర్చోబెట్టండి. నేను డిగ్రీ పాసైంది అట్లా కూర్చున్న ముగ్గురి వల్ల. ఒకామె లెక్కల్లో గట్టి, ఒకామెకు ఇంగ్లీషు వచ్చు, నాకు నోరుంది. పరీక్షల రోజుల్లో మా పిల్లలను చూసే ఏర్పాటు చేయండి. ఊళ్లో అందరి బిడ్డలనూ చూసే మనిషికి తన బిడ్డను వదిలి పోయే చోటు లేకపోవడం ఎంత అన్యాయమో మీరే ఆలోచించండి. సమాచార హక్కు కింద, శిక్షణకు వచ్చిన డబ్బు జిల్లాలో ఎంత, ఖర్చయింది ఎంత, ఎంతమంది ఆయాలకు శిక్షణ ఇచ్చారు అని అర్జీ పెట్టండి. ఆ అర్జీ రాయడమూ ఒక చదువే, మాతో కలిసి రాయండి.

చదువుతున్న చెల్లెళ్లకు ఒక మాట. సెంటరులో జరిగేది రాసి పెట్టుకోండి. ఏ బిడ్డ ఎప్పుడు మొదటి మాట పలికింది, ఏ ఆటకు ఎట్లా స్పందించింది, ఏ పాట ఉర్దూ పిల్లలకూ తెలుగు పిల్లలకూ కలిసి పనికివచ్చింది అన్నీ రాయండి. పల్లె పిల్లల గురించి పుస్తకాల్లో ఉన్నదానికన్నా ఎక్కువ మీ నోటుపుస్తకంలో ఉంటుంది. శిశు వికాసం మీద పై చదువుల పుస్తకాలు ఇప్పటికీ ఎక్కువ ఇంగ్లీషులోనే ఉన్నాయి. రాయలసీమ పల్లెలో పెరిగే బిడ్డ గురించి తెలుగులో పుస్తకం రావాలంటే అది మనలో ఎవరో ఒకరు రాయాలి.

చివరగా. మన చదువు మనకోసం అన్న మాట అనడానికి మనకు సిగ్గు. పిల్లల కోసం అంటేనే నోరు వస్తుంది. పిల్లల కోసమూ నిజమే. కానీ నాకు తెలుసుకోవాలని ఉంది, నేను చేసే పనిని నేను అర్థం చేసుకోవాలని ఉంది, నా పేరు పక్కన ఒక అర్హత ఉండాలని ఉంది అని అనడంలో తప్పేమీ లేదు. ఏ మగ ఉపాధ్యాయుడినీ నీకు బి.ఇడి. ఎందుకని ఎవరూ అడగరు. మనల్ని అడిగినప్పుడు తలవంచుకోకుండా, ఖర్చు ఎవరిది, సెలవు ఎన్ని రోజులు, చదివాక స్కేలు ఎంత అని తిరిగి అడుగుదాం. ఈ సభలోనే ఆ ఐదు కోరికల మీద ఒక వినతిపత్రం రాసి, ఆయమ్మలు ముందుగా సంతకాలు పెట్టాక మిగతావాళ్లం పెడదామని నా ప్రతిపాదన. దాన్ని నంద్యాల తీసుకుపోయి కలెక్టరు కార్యాలయంలో ఇచ్చేటప్పుడు నేనూ మీతో వస్తాను.

సెలవు.